వంకాయ రంగు కోట

నేను ఒక మానిటర్‌ను. కంప్యూటర్ అంటే అందరూ నన్నే చూపిస్తారు గానీ ఆలోచనా, జ్ఞాపకమూ అన్నీ బల్ల కింద దుమ్ములో కూర్చున్న పెట్టెవి. నాది చూపించే పని, అంతే. ఎవరు ఏది చూపించమంటే అది చూపించి, వాళ్ళు నన్ను చూస్తున్నంతసేపూ నేను వాళ్ళ ముఖాలు చూస్తూ బతికాను. ప్రస్తుతం కాకినాడలో ఓ డాబా ఇంటి వరండాలో, చెప్పుల స్టాండుకీ విరిగిన గొడుగుకీ మధ్య కరెంటు లేకుండా నిలబడి ఉన్నాను. అప్పుడప్పుడూ నామీద తడి తువ్వాలు ఆరేస్తారు. వద్దనే ఓపిక కూడా లేదు. వెలిగి వెలిగి అలసిపోయాను.

పుట్టిన ఊరు అడక్కండి. అది రాసిన కాగితం నా వీపున అంటించి ఉండేది, ఎప్పుడో ఊడిపోయింది. నేను మొదటిసారి వెలిగినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఓ ఆడమనిషి నన్ను తేరిపార చూస్తూ ఉంది. ఎర్రగా వెలిగించింది, పచ్చగా వెలిగించింది, నీలంగా వెలిగించింది. ఎక్కడా మచ్చ లేదని తల ఊపి అట్టపెట్టెలో పెట్టించింది. ఆ తరవాత నా రంగుల్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఒక్కడే దొరికాడు. నామీద నింద వేసిందీ అతనే.

మొదట నా కాపురం ఓ నెట్ సెంటర్లో. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున పిల్లలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తూ నంబర్లు కొట్టేవాళ్ళు. పాసయినవాడు నన్ను ముద్దు పెట్టుకునేవాడు. తప్పినవాడొకడు నా నెత్తిమీద గుద్ది పోయాడు, మార్కులు నేను వేసినట్టు. చెడ్డవార్త చూపించినవాడికే దెబ్బలన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. ఆపైన ఫోన్లు వచ్చాయి, నెట్ సెంటర్ మూతపడింది, యజమాని కుర్చీలతో పాటు నన్నూ అమ్మేశాడు. అలా ఫణీంద్ర ఇంటికొచ్చాను.

ఫణీంద్ర ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. అక్కడ ఆయన గట్టిగా దగ్గితే వెనక బెంచీ లేచి నిలబడుతుందట. ఆ మనిషే ఇంటికొచ్చి లుంగీ కట్టుకుని నా ముందు కూర్చుంటే, బొమ్మల కథలో పిల్లి చెవుల యువరాణికి వచ్చిన కష్టానికి కళ్ళు తుడుచుకునేవాడు. ఈ సంగతి కాలేజీలో తెలియకుండా ఎంత జాగ్రత్తపడేవాడో! సిగరెట్టు అలవాటున్నవాళ్ళు కూడా అంత దాచుకోరు.

లైట్ నవలలని జపాను నుంచి వస్తాయి. ఇంగ్లీషులోకి మార్చినవి నామీద చదివేవాడు. అందులో తేలిక కానిది పేరొక్కటే, అది శుభలేఖంత పొడుగు ఉంటుంది. మిగతా కథ నాకు కంఠతా వచ్చు. పదహారేళ్ళ కుర్రాడు లారీ కింద పడతాడు, వేరే లోకంలో కళ్ళు తెరుస్తాడు, దేవత వరమిస్తుంది, రాజవుతాడు. ఆ లెక్కన మన హైవే ఈపాటికి ఎందరు రాజుల్ని కనాలి? ఆ నవలల్నే బొమ్మలుగా ఆడిస్తే అనిమే అంటారు. సరిగ్గా యుద్ధం మొదలయ్యే చోట ఆపేసి, మిగిలింది పుస్తకంలో చదువుకోమంటారు. పుస్తకం దగ్గరికెళితే రచయితకి ఒంట్లో బాగుండదు, తరవాతి భాగం రాదు. ఫణి వీటిని తిట్టుకుంటూ చూసేవాడు, చూస్తూ తిట్టుకునేవాడు. ఇష్టమంటే ఇదేనేమోనని నేనూ సరిపెట్టుకున్నాను.

ఫణికి ఈ పిచ్చిలో తోడు ప్రభుదాస్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ. ప్రభుదాస్ ఫ్లెక్సీ బేనర్లు వేసే షాపులో డిజైనరు. ఆదివారం చర్చి అవగానే ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో, వేయించిన వేరుశనక్కాయల పొట్లంతో వచ్చేవాడు. మొదటిరోజే నన్ను చూసి, “నీలం కాస్త ఎక్కువైందిరా దీనికి” అని నా బొత్తాలు నొక్కి సరిచేశాడు. ఒక్కసారిగా ఒళ్ళు తేలికపడింది నాకు. అప్పటి నుంచి అతనంటే అభిమానం.

“మనల్ని ఏ లోకమూ పిలవదురా ఫణీ,” అన్నాడు ఓసారి, శనక్కాయలు ఒలుస్తూ. “నలభై దగ్గరపడ్డోణ్ణి ఏ దేవతైనా ఏం చేసుకుంటుంది? రాక్షసుడు వచ్చేసరికి నడుం నొప్పంటాడు.”

“పిలిచినా నాకు కుదరదెహె. సోమవారానికి రికార్డులు దిద్దాలి,” అన్నాడు ఫణి.

ఇద్దరూ నవ్వారు గానీ, దగ్గర్నుంచి చూసినదాన్ని నేను. కథల్లో కుర్రాడి వయసు పదహారు దాటదు, చూసేవాళ్ళ వయసు మాత్రం ఆగదు. ఆ నవ్వులో సగం నీరసమే.

కథల్ని మించిన పిచ్చి ఇంకోటుండేది వాళ్ళకి. స్ట్రాటజీ గేమ్. నగరాలు కట్టాలి, సేనల్ని పెంచాలి, వంతులవారీగా ఎత్తు వేయాలి. ఫణిది నీలం రాజ్యం, ప్రభుదాస్‌ది ఎరుపు. ఊదా రంగు రాజ్యాన్ని కంప్యూటరే ఆడుతుంది. దాన్ని కూల్చేదాకా నీలానికీ ఎరుపుకీ సంధి. తెర ఒక్కటే కాబట్టి ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకడు ఎత్తు వేస్తుంటే రెండోవాడు వరండాలోకి వెళ్ళిపోవాలి. లోపలినుంచి “కానివ్వరా” అని కేక వచ్చేదాకా తలుపువైపు తిరగడమే తప్పు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడం అసలే లేదు. సంధిలో ఉన్నవాళ్ళకి ఈ దాపరికం ఎందుకంటే, సంధి ఏనాటికైనా తీరేదే కదా అనేవాళ్ళు. జల్లు కొడుతుంటే ఫణి వరండాలో తడిసేవాడు గానీ లోపలికి తొంగిచూసేవాడు కాదు. ఒకే ఆట ఏళ్ళ తరబడి సాగింది.

“ఒకడు లోపలా ఒకడు బయటా. దీనికి కలిసి ఆడుకోడం అని పేరు!” అనేది ఫణి తల్లి వెంకాయమ్మగారు. “మీసాలు నెరుస్తున్నాయి, ఇంకా బొమ్మలాటలేంటర్రా!” అంటూనే ఇద్దరికీ టీ పెట్టేది.

కొన్నాళ్ళకి ప్రభుదాస్ ముఖం నాకు దగ్గరవడం మొదలుపెట్టింది. ముందు కుర్చీ జరిగింది, తరవాత మెడ సాగింది, చివరికి అతని ఊపిరి తగిలి నా అద్దం మసకబారేది. తెరమీద బాణం గుర్తు కనపడక మౌసును అటూ ఇటూ ఊపి వెతుక్కునేవాడు. బయట వరండాలో ఉన్న ఫణికి ఇదేం తెలుస్తుంది? కట్టుబాటు ప్రకారం అటు తిరిగి కూర్చున్నాడాయె. ఓ ఆదివారం ప్రభుదాస్ షాపు సంగతొకటి చెప్పి నవ్వించాడు. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఎదుటి పార్టీ రంగు వేశాడట. కట్టాక చూసుకుని జనం షాపు మీదకి వచ్చారట. ఫణి పొట్ట పట్టుకుని నవ్వాడు. చెప్పినవాడి కళ్ళు మాత్రం నవ్వలేదు. నేను చూశాను. చూసి ఏం లాభం, నాకు నోరు లేదు.

ఆ తరవాతి వారమే జరిగింది అసలు సంగతి. ప్రభుదాస్ తన సేనని ఊదా కోట మీదకి నడిపించాననుకుని, పక్కనున్న నీలం కోటలోకి తోలేశాడు. ఫణి కట్టుకున్న మొదటి కోట అది. సంధి తెగినట్టు నేనే పెద్దక్షరాలతో చూపించాల్సి వచ్చింది. “కానివ్వరా” అన్న కేక విని లోపలికొచ్చిన ఫణి ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు.

“సంధి చేసుకుని వెనకనుంచి పొడుస్తావేంట్రా?”

ప్రభుదాస్ మౌసు వదిలేశాడు. ఒక్క క్షణం నావైపు చూశాడు. “నేనెందుకు పొడుస్తానురా? నీ మానిటర్ పోయింది. నీలం, ఊదా ఒకేలా ఏడుస్తున్నాయి. మార్చెయ్ దీన్ని.”

“ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట,” అంది వంటింట్లోంచి వెంకాయమ్మగారు, ఊరికే, అలవాటు కొద్దీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నీలం నీలంగానే ఉంది. కుర్చీలో కూర్చుని ఒక్కసారి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఫణి కూర్చున్నాడు, చూశాడు, చాలాసేపు చూశాడు. ఆ తరవాత, “అవున్రా, రంగులు పోయినట్టున్నాయి” అన్నాడు. స్నేహితుడు మోసం చేశాడనుకోవడం కన్నా తెర చెడిందనుకోవడం సుఖం కాబోలు. మనుషులు సుఖమైన మాటనే నమ్ముతారు. మద్దెలకి మళ్ళీ దెబ్బలు.

కొత్త మానిటర్ వచ్చింది, సన్నగా, వెడల్పుగా. నేను వరండాలోకి వచ్చాను. “పాత సామాన్లవాడు ఆదివారం వస్తాడు, నేను పిలిచి ఇచ్చేస్తాలే” అన్నాడు ఫణి తల్లితో. సంధి మళ్ళీ రాసుకున్నారు, ఆట సాగింది. ఇప్పుడు ఎదుటివాడి వంతులో బయటికొచ్చినవాడు నా పక్కనే కూర్చుంటున్నాడు. ఓరోజు వెంకాయమ్మగారు ప్రభుదాస్‌కి టీ గ్లాసు అందించింది. అతని చేయి గ్లాసుకి జానెడు దూరంలో గాలిని పట్టుకుంది. ఆవిడ గ్లాసు జరిపి ఆ చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. అతను తడుముకుని నా అంచు మీద చేయి వేసి, టీ చల్లారేదాకా అలాగే ఉంచాడు. తప్పయిందని చెబుతున్నాడేమో అనుకున్నాను. ఆసరా కోసమేనేమో కూడా. ఏదైతేనేం, కోపం నిలుపుకునే సత్తువ నాలో లేకపోయింది.

మరుసటి ఆదివారం “కానివ్వరా” అన్న కేక విని ఫణి లోపలికెళ్ళాడు. కిటికీ తెరిచే ఉంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్ళీ నీలం కోటే పడిపోయిందని ఆ నిశ్శబ్దంతోనే నాకు అర్థమైంది.

“ప్రభూ,” అన్నాడు ఫణి నెమ్మదిగా. “ఇది కొత్త మానిటర్రా.”

“తెలుసు.” కుర్చీ కిర్రుమంది. “పాతది కూడా బాగానే ఉందిరా. పోయింది నా కళ్ళు.”

తరవాతి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. కంటి వెనకున్న పొర పాడవుతోందట. మందు లేదన్నారట. రంగులు ముందు పోతాయి, వెనకాలే చూపూ పోతుందన్నారట. షాపులో తెలిస్తే ఆ పూటే పని పోతుంది కాబట్టి ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదట.

“షాపులో చెప్పకపోతే పోయింది. నాకెందుకు చెప్పలేదురా?” ఫణి బల్ల చరిచాడు. అది కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

“చెప్తే జాలిపడతావు. జాలిపడి నన్ను గెలిపిస్తావు. ఎత్తు ఎక్కడ వెయ్యాలో నువ్వే చెప్తావు. అది ఆటెలా అవుద్దిరా? నాకున్నదల్లా ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజు నేను నీకు శత్రువుగా ఉండాలి.”

“నువ్వు నోటితో చెప్పు, నీ బదులు మౌసు నేను పడతాను.”

“నా ఎత్తు నీకే చెప్పి నీతోనే వేయించుకోవాలా? తెలిసి కూడా తెలీనట్టు ఆడతావు. వద్దురా. ఇక్కడితో ఆపేద్దాం.”

ఏళ్ళనాటి ఆట ఇలా ఆగిపోవడమా అని నాకే గుండె కలుక్కుమంది. గుండె లేదనుకోండి, ఉన్నచోటేదో కలుక్కుమంది. అప్పుడు వంటింట్లోంచి గిన్నె కింద పెట్టిన చప్పుడు, వెనకే వెంకాయమ్మగారి అడుగులు వినిపించాయి.

“లెగు. సంధి మళ్ళీ రాసుకున్నట్టే, ఈ వంతూ ప్రభుదే. నువ్వు బయటికి నడు,” అంది కొడుకుతో. “ప్రభూ, ఆ మౌసేదో నా చేతికియ్యి బాబూ. ఏది నొక్కాలో చెప్పు.”

“అమ్మా, మీకెందుకండీ ఈ బొమ్మలాట...”

“ఇన్నేళ్ళు టీలు పెట్టింది ఊరికేనా? చెప్పు. ఇక్కడ వంకాయ రంగు కోటొకటి ఉంది. దాని పక్కనే నెమలికంఠం రంగుది ఇంకోటి.”

ప్రభుదాస్ కుర్చీ ముందుకు జరిగింది. మాట్లాడినప్పుడు అది డిజైనర్ గొంతు. “ఏ వంకాయండీ? నల్ల వంకాయా, చారల వంకాయా?”

“గుత్తొంకాయకి తెస్తామే, ఆ లేత వంకాయ. కోట చుట్టూ చిలకాకుపచ్చ పొలం. వెనక కొండలు విభూది రంగు. ఆకాశం ఏమో, మా ఆడపడుచు పెళ్ళికి కట్టింది చూడు, ఉల్లిపొర చీర, అలా ఉంది.”

“ఆ వంకాయదే అసలు శత్రువండీ,” అన్నాడు. ముక్కు ఎగబీల్చి నవ్వాడు. “నెమలికంఠం మీ అబ్బాయిది.”

“అయితే ముందు మావాడి మీద పడదామా?”

“సంధి ఉందండీ!”

“ఎన్నాళ్ళుంటది సంధి? నువ్వు చెప్పు, నేను నొక్కుతాను.”

తలుపు దగ్గరగా వేసి ఫణి వరండాలోకి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా, చెప్పుల స్టాండు పక్కన చతికిలబడ్డాడు. ఇదివరకు అటు తిరిగి కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు ఎత్తులన్నీ నోటి మాటలే కాబట్టి కిటికీలోంచి ఒక్కొక్కటీ వినిపిస్తోంది. ఎర్ర సేన ఎటు కదులుతుందో, ఏ వంతెన కింద దాక్కుంటుందో, అన్నీ.  ఫణి రెండు చూపుడువేళ్ళూ చెవుల్లో దోపుకుని గట్టిగా నొక్కుకున్నాడు.

ఆరిపోయినా నా అద్దం అద్దమే కదా. అందులో అతని ముఖం కనిపించింది. ఇన్నేళ్ళూ నేను వెలుగు పోస్తే చూసిన ముఖం, ఎవరో యువరాణి కోసం ఏడ్చిన ముఖం. చెవులు మూసుకున్న చేతులు కదపకూడదు కాబట్టి ఈసారి తుడుచుకోవడానికి వీల్లేక, నీళ్ళు గడ్డం దాకా కారనిచ్చాడు.

అప్పుడే వీధి మొదట్లో కేక వినిపించింది. “పాత ఇనుం, పాత సామాన్లు, పాడైన టీవీలు, కంప్యూటర్లూ...” తోపుడుబండి చక్రాల చప్పుడు దగ్గరైంది. గేటు ముందు ఆగింది. బండివాడు నన్ను చూశాడు, ఫణిని చూశాడు, మళ్ళీ కేకేశాడు.

ఫణికి వినపడలేదు. బండి కాసేపు చూసి ముందుకు కదిలి వెళ్ళిపోయింది. నేను ఇంకో వారం ఇక్కడే ఉంటాను.