పేలిక లేని మూటలు

యాగంటిలో కాకులు వాలవంటారు. ఎందుకు వాలతాయి? అవన్నీ మా నంద్యాల చెత్తగుట్ట మీదే కాపురం పెట్టాయి. ఆ గుట్ట ఎక్కితే శ్రీశైలం శిఖరం కనిపిస్తుందని నేనంటే చదువుకునే పిల్లలు నవ్వుతారు. నవ్వండి. ఆ సోమవారం జరిగింది మాత్రం నేను కల్పించింది కాదు.

నాగలక్ష్మి పొడిచెత్త మూటలో చెయ్యి పెట్టింది. బయటికి తీస్తే బొటనవేల్లో ఇంజెక్షను సూది నిలబడి ఉంది. ఎవరి రోగమో, ఎవరి నెత్తురో.

గుట్ట పక్కనున్న షెడ్డులో నాగలక్ష్మితో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు. ఇళ్ల నుంచి వచ్చిన పొడిచెత్తలో అట్ట, సీసా, ప్లాస్టిక్కు వేరు చేయడం వాళ్ల పని. కాంట్రాక్టరు సంజీవయ్య వచ్చాడు. సూది వంక చూడనైనా చూడలేదు.

"ఇండ్లోళ్లు కలిపేస్తాండారు. నన్నేం జేయమంటారు? పోయి వాళ్లనే అడగండి."

నమ్మారు. అదే వాళ్లు చేసిన తప్పు. దెబ్బ తిన్నవాడు ముందు పక్కవాడి మీదికే లేస్తాడు. అందరిలో పెద్దదైన మస్తాన్‌బీ ముందు నడిచింది. ఆమె నోరు విప్పితే నల్లమల పులి కూడా చెట్టెక్కుతుంది. వీధి మొదట్లోనే తిట్లు లంకించుకుంది. బట్టలు కుట్టే సుగుణమ్మ మాత్రం జంకలేదు.

"నా ఇంట్లో సూదంటే మిషను సూదే! తడీ పొడీ రెండు బుట్టల్లో ఇస్తాండా. మలుపు తిరిగినాక మీ ట్రాక్టరోళ్లే ఒకటి జేస్తారు. నా కండ్లతో జూసినా. ఇంగ మేమెందుకు వేరు జేయల్ల?"

మస్తాన్‌బీ గొంతు దిగింది.

"అక్కా, నీ కాడ కత్తిరింపు పేలికలుంటాయి గదా?"

ఆ మర్నాటి నుంచి వీధికో రంగు పేలికతో ఇళ్లవాళ్లే మూటల మూతి బిగించి ఇచ్చారు. పేలిక చూడగానే మూట ఏ వీధిదో తెలిసేది. కలిపినవాళ్లకు వాళ్ల వీధివాళ్లే బుద్ధి చెప్పారు. రంగు మూటలు రోజురోజుకీ శుభ్రపడ్డాయి.

శుక్రవారం సంజీవయ్య ట్రాక్టరు నుంచి పేలిక లేని నల్ల మూటలు ఇరవై దిగాయి. కొడవలితో కోసి చూస్తే సూదులు, చీము గుడ్డలు, నెత్తురు గొట్టాలు. ఆస్పత్రి చెత్త. ఏ ఇంటిదీ కాదు.

"మున్సిపాలిటీ ఆఫీసరొచ్చి జూసి రాసుకునేదాకా వీటిని కదలనీం," అంది మస్తాన్‌బీ. మూటల చుట్టూ కూర్చున్నారు.

"పని పోతే?" అని ఒకామె గొణిగింది.

"మల్లా నెత్తురు పరీక్ష మూడు నెలలకంట," అంది నాగలక్ష్మి. "అంతదంకా బిడ్డకు పాలియ్యాలంటే భయమైతాంది. ఇంగేం పోవల్ల నాకు?"

గొణిగినామె జరిగి నాగలక్ష్మి పక్కన కూర్చుంది.

సంజీవయ్య కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు. "లేయండే! కాల్చేస్తా."

"కాల్చప్పా," అంది మస్తాన్‌బీ. "మమ్మల్ని దాటుకోని పోయి కాల్చు."

డబ్బా మూత తీసే ఉంది. వాసన ముక్కులకెక్కుతోంది. ఎవరూ లేవలేదు.

ఆఫీసరు రాలేదు. పోలీసు జీపొచ్చింది. పనికి అడ్డుపడ్డావని మస్తాన్‌బీని ఎక్కించుకుపోయారు. ఆమె లేచిన చోట సుగుణమ్మ వచ్చి కూర్చుంది. ఆమె వెనక వీధికి వీధి వచ్చింది.

సంజీవయ్య పక్కకు పోయి ఫోను తీశాడు. ఆళ్లగడ్డ షెడ్డూ అతని చేతిలోదే.

పొద్దు వాలుతుండగా నాగలక్ష్మి ఫోను మోగింది. ఆళ్లగడ్డలో చెత్త వేరుచేసే ఆదిలక్ష్మమ్మ.

"పాపా, మీకాడికి రావాల్సిన నల్ల మూటలు ఈడ దింపినారు. నువ్వు జెప్పిన పేలికల్లేవు. బిరబిరా విప్పమని అరుస్తాండారు. ఏం జేయల్ల?"

గేటు బయట రెండో జీపు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. నాగలక్ష్మి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"చెయ్యి పెట్టొద్దత్తా," అంది. "చుట్టూ కూచోండి."