జానెడు జుబ్బా

భిలాయి సెక్టర్ 6లో ఉన్నన్నాళ్లూ, తెలుగువాళ్ల ఇళ్లలో ఏ బిడ్డ పుట్టినా ముందుగా ఒంటి మీద పడేది విమలకుమారి కుట్టిన జుబ్బాయే. ఆవిడ భర్త కొర్నేలి ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. స్మృతి నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశాక కూడా జుబ్బాల కోసం సెక్టర్ల నుంచి ఆటో ఎక్కి వచ్చేవాళ్లు మానలేదు.

ఆవిడ పద్ధతి ఆవిడది. పవర్ హౌస్ బజారులో మల్లు అనే పల్చటి నూలు గుడ్డ కొని, గంజి పోయేదాకా ఉతికి, నీడన ఆరేసి, అప్పుడు కత్తెర పట్టుకునేది. టేపు వాడేది కాదు. జానెడు, ఆపైన నాలుగు వేళ్లు, అంతే. పుట్టిన పిల్లలందరికీ అదే కొలత. గుండీలు గుచ్చుకుంటాయని నాడాలు పెట్టేది. లోపలుంటే పసిఒంటికి ఒరుసుకుంటాయని కుట్టు అంచులు బయటికి వదిలేది. కొత్తగా చూసినవాళ్లు తిరగేసి కుట్టిందేమో అనుకునేవారు. బిడ్డ పుట్టకముందు బట్టలు కుట్టకూడదనే పట్టింపు ఉన్నవాళ్లకైతే గుడ్డ కత్తిరించి మడతపెట్టి ఉంచి, పురుడొచ్చిందని కబురు అందిన రోజున మిషను ముందు కూర్చునేది.

ఇందరి పిల్లలకి కుట్టిన మనిషికి సొంత మనవల కోసం కత్తెర పట్టే అవకాశం మాత్రం రాలేదు. కొడుకు ఇమ్మానుకి పెళ్లయి తొమ్మిదేళ్లు. కోడలు జెన్నీ భిలాయిలోనే పుట్టి పెరిగింది, హిందీ స్కూల్లో టీచరు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఇంకోసారి ప్రయత్నిస్తే ఆ అమ్మాయి ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పేసింది.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై రెండేళ్లు కావస్తున్న ఆ రోజుల్లో, ఒక ఆదివారం భోజనాల దగ్గర జెన్నీయే మాట ఎత్తింది.

"అత్తయ్యా, మేం ఒక బిడ్డని తెచ్చుకుందాం అనుకుంటున్నాం. రాయపూర్ అవతల సిస్టర్ల ఆశ్రమం ఉంది కదా, అక్కడ మాట్లాడి వచ్చాం. కోర్టు పని కూడా మొదలైంది. ఎప్పుడిస్తారో తెలీదు. ఫోన్ చేస్తామన్నారు."

ఇమ్మాను తల్లి ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. కొర్నేలి "దేవుని చిత్తం" అని చారు పోసుకున్నాడు. విమలకుమారి కాదనలేదు. కాదనాలని కూడా అనిపించలేదు. మర్నాడు ఉదయమే పవర్ హౌస్ వెళ్లి ఉన్నవాటిలోకల్లా మెత్తటి మల్లు గుడ్డ తెచ్చింది.

చిక్కంతా ఆ గుడ్డ ఆరేసినప్పుడు వచ్చింది.

పక్కింటి నూకాలమ్మది టెక్కలి వైపు. వాళ్లాయన నరసింగరావు కూడా ప్లాంటు మనిషే. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఆవిడ ఆ గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది.

"ఏటి వదినా, ఈపాలి ఎవులికి?"

"మాకే," అంది విమలకుమారి. నోట్లోంచి గర్వంగానే వచ్చింది ఆ మాట.

నూకాలమ్మ గొంతు తగ్గించింది. "నిజివేటి? జెన్నీ నీళ్లోసుకుందేటి?"

విమలకుమారి "ఊఁ" అంది.

ఆలోచించి అన్నది కాదు. తొమ్మిదేళ్లుగా చర్చి మెట్ల మీద, కూరల బండి దగ్గర, పెళ్లి పందిళ్లలో ఇదే ప్రశ్నకి తల అడ్డంగా ఊపి ఊపి ఆవిడ మెడ అలిసిపోయింది. ఒక్కసారి నిలువుగా ఊగింది. తరవాత దిద్దుకోవచ్చులే అనుకుంది. అనుకుంటూ ఉండగానే వారం గడిచిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం పెద్ద కనకరత్నం విమలకుమారి చెయ్యి నొక్కి, "విన్నామమ్మా. జెన్నీతో ఏమీ అనంలే. రెండుసార్లు అలా అయింది కదా, మూడో నెల దాటేదాకా పైకి అనకూడదు. ప్రార్థనలో పెడుతున్నాం," అంది. మంచిమనసుతో అందరూ నోరు కట్టుకోవడం వల్ల ఆ అబద్ధం చడీచప్పుడు లేకుండా ఇల్లిల్లూ తిరిగింది. జెన్నీకి తప్ప అందరికీ తెలిసింది.

అలా ఎన్నాళ్లో సాగలేదు. ఒక సాయంత్రం జెన్నీ స్కూలు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూండగా నూకాలమ్మ మూత పెట్టిన గిన్నె, డజను గాజులు పట్టుకుని వచ్చేసింది.

"సలిమిడమ్మా. కడుపు సల్లగుండాలని సేసినాను. కొబ్బరి ముక్కలు కూడా ఏసినాను. మీ మతంలో తినకూడదంటే సెప్పు, మిఠాయని తినేయ్."

జెన్నీ గిన్నె వైపు చూసింది. గాజుల వైపు చూసింది. వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడిన అత్తగారి వైపు చూసింది. "థాంక్స్ ఆంటీ," అని గిన్నె అందుకుంది. నూకాలమ్మ దీవించి వెళ్లాక అత్తగారి వైపు తిరిగింది.

"ఆంటీకి ఏం చెప్పారు అత్తయ్యా?"

"నేనేం చెప్పలేదమ్మా. ఆవిడ అడిగింది. నేను ఊఁ అన్నాను."

"ఊఁ అంటే చెప్పడమే కదా."

విమలకుమారి పీట మీద కూర్చుంది. రెండు వారాలుగా మనసులో కట్టుకున్నదంతా విప్పింది. అనకాపల్లిలో తన చెల్లెలుంది. జెన్నీ సెలవు పెట్టి కొన్నాళ్లు అక్కడ ఉండొచ్చు. ఆశ్రమం వాళ్లు పిలవగానే పసిబిడ్డని తీసుకుని నేరుగా ఇక్కడికి రావచ్చు. పురుడు అక్కడే అయిందంటే అడిగేవాళ్లుండరు.

"దాక్కుని రావాలా? చోరీ చేసి తెస్తున్నామా బిడ్డని?" అంది జెన్నీ. గొంతు పెంచలేదు.

"నా పరువు కోసం కాదే పిచ్చిదానా. రేపు దాన్ని ఎవరో ఒకరు వేలెత్తి చూపించరా? మీ అమ్మ మీ అమ్మ కాదని అనరా?"

"అంటారు. నేను రోజూ పిల్లల మధ్యే ఉంటాను, నాకు తెలుసు. అనేవాళ్లు అంటారు. అప్పుడు అది ఇంటికొచ్చి నన్ను అడుగుతుంది. ఔను, మేం కోరి తెచ్చుకున్నాం, ఈ వీధి వీధంతా చూస్తుండగా తెచ్చుకున్నాం అని చెప్పాలి నేను. మీ ఝూఠ్ ఉంటే ఏం చెప్పను?"

విమలకుమారి లేచి గాజులు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆంటీకి మీరే చెప్పండి అత్తయ్యా. మీరు అన్నమాట మీరే వెనక్కి తీసుకోవాలి. లేకపోతే ఇమ్మాను వాళ్ల కంపెనీలో క్వార్టరుకి అడుగుతాడు. మేం అక్కడికి పోతాం, బిడ్డ అక్కడికే వస్తుంది. కోపంతో అనడం లేదు."

కోపంతో అనలేదని విమలకుమారికి తెలుసు. అందుకే భయం వేసింది. ఆ అమ్మాయి ఇంట్లో కాలుపెట్టినప్పటి నుంచి అనకూడని మాట ఒకటి అన్నది లేదు, అన్నమాట తప్పిందీ లేదు. చలిమిడి గిన్నె బల్ల మీద అలాగే ఉండిపోయింది. పడెయ్యడానికి మనసొప్పక కొర్నేలి రెండు రోజులు పెట్టుకు తిన్నాడు.

చెబుదామని విమలకుమారి రోజూ గోడ దాకా వెళ్లేది. నూకాలమ్మ కనిపించగానే టమాటాల ధర అడిగి వెనక్కి వచ్చేది. మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చుని ఒకదాని తరవాత ఒకటి జుబ్బాలు కుట్టేది. అన్నీ జానెడు, ఆపైన నాలుగు వేళ్లు.

ఫోన్ గురువారం సాయంత్రం వచ్చింది. జెన్నీ రిసీవర్ పట్టుకుని "జీ సిస్టర్, జీ" అంటూ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. పెట్టేశాక ముగ్గురి వైపూ చూసి, "అమ్మాయి," అంది. "పది నెలలట. పట్టుకుని నిలబడుతోందట. వచ్చే వారం రమ్మన్నారు."

ఇమ్మాను భార్య పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కొర్నేలి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విమలకుమారి లోపలికి వెళ్లి జుబ్బాల కట్ట విప్పి ఒకటి అరచేతి మీద పరుచుకుంది.

వెనకే వచ్చిన కొర్నేలి నవ్వాడు. "దీంట్లో దాని చెయ్యి ఒకటి దూరుతుందేమో."

"పసిగుడ్డునిస్తారనుకున్నాను కదండీ."

"ఎవరు చెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. బిడ్డ అంటే ఆవిడ చేతులకి తెలిసింది అదొక్కటే. ఇక అనకాపల్లి మాట లేదు. నిలబడే పిల్లని చూపించి మొన్న పుట్టిందంటే ఎవరు నమ్ముతారు? అయితే ఇంకో దారి ఉంది. దూరపు చుట్టాల పిల్ల, తల్లి పోయింది, జెన్నీకి మళ్లీ కడుపు పోయింది కాబట్టి తెచ్చుకున్నాం అనొచ్చు. నమ్ముతారు. జాలి కూడా పడతారు. ఆ మాట నోట్లో ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంది. నున్నగానే ఉంది.

మర్నాడు కొత్త గుడ్డ పరిచి కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. పది నెలల పిల్ల ఛాతీ ఎంత ఉంటుంది? చెయ్యి ఎంత పొడుగు? ఇమ్మాను ఆ వయసులో ఎంతుండేవాడో గుర్తు లేదు. తన జుబ్బాలు తొడుక్కున్న పిల్లలు రెండో నెలకే వాటిని వదిలేసేవారు. ఆ తరవాత వాళ్లు ఎలా ఎదిగారో ఆవిడ చేతులు చూడలేదు.

ఆ వయసు పిల్ల దగ్గర్లో ఉన్నది ఒక్క నూకాలమ్మ ఇంట్లోనే. మనవరాలు చిన్ని.

టేపు వెతికి పట్టుకుని విమలకుమారి గోడ చుట్టూ తిరిగి వాళ్ల గేటు తీసింది. నూకాలమ్మ వరండాలో చిన్నిని ఒళ్లో పెట్టుకుని అరటిపండు నలిపి తినిపిస్తోంది.

"వదినా, పిల్లని ఒకసారి ఇవ్వు. కొలత తీసుకోవాలి."

"సిన్నికేటి గౌను కుడతావా? కుట్టు. తల్లో, ఇలా నిలబడవే."

విమలకుమారి వంగి పిల్ల చంకల కింద చేతులు పెట్టింది. చిన్ని ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూసింది. టేపు లాక్కుని నోట్లో పెట్టుకుంది. తరవాత వెనక్కి తిరిగి నాయనమ్మ ఉందో లేదో చూసుకుంది. విమలకుమారి కాస్త పక్కకి తిప్పేసరికి నాయనమ్మ కనబడక పెదవి విరిచి, రెండు చేతులూ అటు చాపి ఏడుపందుకుంది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఈ వయసుకే ఎవరు తనవాళ్లో తెలిసిపోయింది దీనికి. అక్కడ ఆశ్రమంలో ఉన్న పిల్ల కూడా వచ్చే వారం ఇలాగే ఎవరి వైపో చేతులు చాపుతుంది. ఏ సిస్టరో, ఏ ఆయాయో. వాళ్లని వదిలి వస్తుంది. వచ్చి ఈ ఇంట్లో ముఖాలన్నీ ఒక్కొక్కటే చూస్తుంది, ఇప్పుడు చిన్ని చూసినట్టే.

"సిన్నిక్కాదా? మరెవులికి?" పిల్లని వెనక్కి తీసుకుంటూ నూకాలమ్మ అడిగింది.

నున్నగా తిప్పి పెట్టుకున్న మాట నాలుక మీదే ఉంది.

"మా మనవరాలికి," అంది విమలకుమారి. "పది నెలల పిల్ల. ఆశ్రమం నుంచి తెచ్చుకుంటున్నాం, పెంపకానికి. జెన్నీ కడుపుతో లేదు వదినా. ఆ రోజు నువ్వడిగితే ఊఁ అన్నాను. అది అబద్ధం."

చిన్ని ఏడుపు మానింది. నూకాలమ్మ పిల్ల మూతి తుడిచింది.

"మరి నా సలిమిడి?"

"మీ అన్నయ్యగారు తిన్నారు."

"ఆయనకెన్నో నెల?"

విమలకుమారికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నూకాలమ్మ మాత్రం నవ్వలేదు.

"నాకు సెప్పడానికేటయింది? మొక్కులు కూడా మొక్కీసినాను నాను. నానెవులికి సెప్పీస్తాననా?"

"నువ్వు చెప్పనివాళ్లు ఎవరైనా మిగిలారా వదినా?"

"అది మంచి కబురని సెప్పినాను. సెడ్డ కబురైతే సెప్తానేటి?"

"ఇదీ మంచి కబురే."

నూకాలమ్మ పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. విమలకుమారి టేపు చుట్టుకుంటూ నిలబడింది. వెళ్లిపోవాలో ఉండాలో తెలియలేదు. తన తప్పుకి ఎదుటి మనిషి అలగడం న్యాయమే అనుకుని గేటు వైపు తిరిగేసరికి వెనకనుంచి పిలుపు వచ్చింది.

"ఎక్కడికి ఎల్లిపోతన్నావు? పిల్ల తిండి మూతి కడిగి తెస్తన్నాను. కొలత అక్కర్నేదేటి?" చిన్నిని బల్ల మీద నిలబెట్టి ఓ పాత గౌను పక్కన పడేసింది. "ఇదీ సూసుకో. జుబ్బాలు పనికిరావింక. నాడాలు పీకి నోట్లో ఎట్టుకుంటాది. పొడుగ్గా కుట్టకు, పాకినప్పుడు మోకాలి కింద పడి బోర్లా పడిపోతాది."

"నాకు అదేమీ తెలీదు వదినా."

"నీకు పుట్టిన నాటి బట్టలే తెల్సు. మిగతా రోజులు నాను సెప్తాన్లే."

గేటు బయట స్కూటీ ఆగింది. జెన్నీ స్కూలు నుంచి వస్తూ, పక్కింటి వరండాలో అత్తగారిని, ఆవిడ మెడలో వేలాడుతున్న టేపుని చూసి అక్కడే నిలబడిపోయింది. విమలకుమారి తలెత్తింది.

"చెప్పానమ్మా. అంతా చెప్పాను."

జెన్నీ హెల్మెట్ చేత్తో పట్టుకుని అలాగే ఉంది. ఇన్నేళ్లుగా ఎవరి పిల్లనీ తనంతట తాను ఎత్తుకునేది కాదు. ఎవరేమనుకుంటారోనని చేతులు వెనక్కే ఉంచుకునేది.

"అలా సూస్తావేటి, లోపలికి రా," అంది నూకాలమ్మ. "ఇది కుదురుగా నిలబడదు. నివ్వు సంకనేసుకో, మీ అత్త కొలుస్తాది. అలవాటవుద్ది నీకు."

జెన్నీ హెల్మెట్ నేల మీద పెట్టి చేతులు చాపింది. చిన్ని ఆమె ముఖం చూసింది, మెడలోని ఐడీ కార్డు చూసింది, కార్డు కోసం వచ్చేసింది.

"మీ పిల్ల పేరేటి?"

"అక్కడ ఆశా అని పిలుస్తారట ఆంటీ. పిలిస్తే పలుకుతోందట. అదే ఉంచుతాం."

విమలకుమారి చిన్ని భుజం మీద టేపు ఆనించి మోకాలి దాకా జార్చింది.

"ఇంకో అంగుళం వదలండి అత్తయ్యా," అంది జెన్నీ. "జల్దీ ఎదిగిపోతారు."

"రెండు వదులుతాను," అంది విమలకుమారి. "లోపలికి మడిచి పైపైన కుడతాను. ఎండాకాలానికి విప్పుకోవచ్చు."