సెనోబియా నమిలిన పిండి

మధ్యాహ్నం ఎండ గడప దాటి లోపలికి జరిగే వేళకు ఆ ఇంట్లో పిండి నమిలే చప్పుడు మొదలయ్యేది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎవరో మెత్తటిది నోట్లో వేసుకుని, తొందర లేకుండా నాలుకతో అటూ ఇటూ తిప్పుతున్నట్టు ఉండేది. ఫిదేలియా చేతిలో పని ఆపి వినేది. పొయ్యి పక్కన, గోడ వారగా ఉన్న పొట్టి పీట వైపు నుంచి వచ్చేది ఆ చప్పుడు. అటు తిరిగి చూస్తే పీట తప్ప ఏమీ ఉండేది కాదు.

అది అక్క సెనోబియా కూర్చునే పీట. ఆమె పోయి మూడో ఏడు నడుస్తోంది.

ఆ లోయలో పోయినవాళ్లు ఏటా సకల పునీతుల పండుగనాడు మిట్టమధ్యాహ్నం ఇంటికి వస్తారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లిపోతారు. వాళ్లకు ఇష్టమైనవన్నీ బల్ల మీద పరిచి, చీచా, అంటే మొక్కజొన్న కల్లు, నిండా పోసిన సొరబుర్ర ఒకటి పెట్టి ఎదురుచూడాలి. అలా మూడేళ్లు. మూడో ఏడు సాగనంపాక ఇక రారు. మనసులో ఏం పెట్టుకుని పోతారో, ఏ పేరు మోసుకుని పోతారో, ఇక అదే ఆఖరు.

మొదటి ఏడు ఫిదేలియా చీచా బయట కొని తెచ్చింది. రెండో ఏడు తనే కాచి, తీపికి బెల్లం వేసింది. రెండేళ్లూ బల్ల మీద బుర్ర పోసింది పోసినట్టే ఉండిపోయింది. ఈగ కూడా వాలలేదు. నమిలే చప్పుడు మొదలైంది ఆ మొదటి ఏడు బల్ల ఎత్తేసిన మర్నాటి నుంచే.

పండుగ ఇంకా మూడు వారాలుందనగా పక్కింటి ఆస్తేరియా వచ్చి వసారాలో చతికిలబడింది. ఆమెకు డెబ్బై దాటాయి, అందరూ డోన్యా అని గౌరవంగా పిలుస్తారు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈసారి తీపికి ఏం వేస్తావే?"

"అదే ఆలోచిస్తున్నా డోన్యా."

"ఆలోచించేదేముంది. క్లీసా సంతలో చక్కెర బస్తాలు గోడలా పేర్చారు. నాలుగు దోసిళ్లు గుమ్మరిస్తే రెండు రోజుల్లో కుండ పొంగిపోతుంది. తాగినోళ్ల తలకాయలూ పొంగుతాయనుకో."

ఫిదేలియా చేతిలో చీపురు ఆగింది.

"బెల్లం వద్దులే," ఆస్తేరియా తన ధోరణిలో తను అంది. "పోయినేడు నల్లగా వచ్చింది. ఇది చీచానా గాడిదలకు పెట్టే కుడితా అన్నాడు మా ఆయన."

"రెండు బుర్రలు తాగాడుగా."

"మూడు. ఊరికే పోస్తే కుడితి మాత్రం ఎందుకు వదులుతాడు?" ఆస్తేరియా నవ్వి, నవ్వు ఆపి పొట్టి పీట వైపు చూసింది. "మీ అక్క తీపి కోసం ఏనాడూ సంతకి పోలేదే. మొక్కజొన్నలో ఉన్నదాన్నే నోటితో బయటికి లాగేది. గొంతు దిగాక కూడా ఆ తీపి నిలిచుండేది. బెల్లం నాలిక మీదే ఉంటుంది, చక్కెర తలకెక్కుతుంది. ఆ సంగతి ఆమెకి తెలిసినంత ఈ లోయలో ఎవరికీ తెలీదు. అలాంటి మనిషి, ఆ ఒక్కసారి ఎందుకలా చేసిందో మరి."

ఫిదేలియా చేతిలో చీపురు మళ్లీ కదిలింది, ఊడ్చినచోటే.

ఆ ఒక్కసారి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది తప్పని ఫిదేలియా ఒక్కదానికే తెలుసు.

అయిదేళ్ల కిందటి మాట. ఊరి ఉత్సవానికి చీచా సెనోబియాదే. వారం రోజులుగా వాన, చలి. కుండ పొంగలేదు. చెవి ఆనిస్తే గుటగుటమనాల్సిన కుండ రాయిలా ఉంది. "దాని టైము అది తీసుకుంటుంది" అని సెనోబియా కుండకి దుప్పటి చుట్టి, జబ్బు పడిన పినతల్లిని చూడ్డానికి పక్క ఊరు వెళ్లింది. ఫిదేలియాకి కాలు నిలవలేదు. ఉత్సవంనాటికి వాకిట్లో చీచా సిద్ధమని చెప్పే తెల్లజెండా ఎగరకపోతే అక్క పరువేం కావాలి? అక్కకి సాయం చేస్తున్నాననే అనుకుంది. ఒక సంచీ చక్కెర తెచ్చి, మూత తీసి, మొత్తం పోసి కర్రతో కలిపింది. ఖాళీ సంచీ కాలవలో విసిరేసింది.

తెల్లారేసరికి కుండ నురుగు కక్కింది. సెనోబియా తిరిగొచ్చి సంతోషంగా జెండా కట్టింది. ఆ రోజు ఆమె జలుబుతో ముక్కు దిబ్బడేసి రుచి చూడలేదు. అదొక్కటే ఆమె చేసిన తప్పు. మర్నాడు ఊరు ఊరంతా తలలు పట్టుకుని కూర్చుంది. మూడో రోజు కాలవ గట్టున చక్కెర సంచీ దొరికింది. నాలుగో రోజుకు ఆమెకు పేరు పడింది, చక్కెర సెనోబియా.

సెనోబియా ఒకే ఒక్కసారి అడిగింది. పొయ్యి దగ్గర, మామూలు గొంతుతో. "నువ్వేమైనా వేశావా?"

"నాకేం తెలుసు? నువ్వే వేసి మర్చిపోయావేమో," అంది ఫిదేలియా.

అక్క ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. లేచి వెళ్లి జెండా దింపేసింది. ఆ తర్వాత రెండేళ్లు బతికింది. మళ్లీ చీచా కాచలేదు. కానీ రోజూ మధ్యాహ్నం ఆ పీట మీద కూర్చుని పిండి నమిలేది. గుప్పెడు మొక్కజొన్న పిండి నోట్లో వేసుకుని, ఉమ్మితో తడిపి, నాలుకతో ముద్ద చేసి, అంగిలికి అదిమి, చిన్న బిళ్లలా తీసి చాటలో ఎండబెట్టేది. ఎండినవన్నీ మూటగట్టి పొయ్యి మీది అటక మీద పెట్టేది. ఎందుకని ఫిదేలియా అడగలేదు.

ఆస్తేరియా వెళ్లిపోయాక ఫిదేలియా నిచ్చెన వేసుకుని ఆ మూట దింపింది. ముడి విప్పితే దానిలో అక్క జెండా గుడ్డ కూడా ఉంది, మడత పెట్టి. బిళ్లలు పొగచూరి పసుపుపచ్చగా ఉన్నాయి. ఒక్కో దాని మీద అక్క అంగిలి గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంది. కాసేపటికి తీపి ఊరింది. చచ్చిపోయిన మనిషి నోటి తీపి. ఉమ్మలేకపోయింది. మింగేసింది.

పురుగు తినగా మూటలో మిగిలినది ఒక చిన్న కుండకైనా సగానికే సరిపోతుంది. తక్కినది తను నమలాలి.

మర్నాడు మధ్యాహ్నం నేల మీద కూర్చుంది, పీట మీద కాదు. పిండి నోట్లో వేసుకుంది. దవడలు లాగాయి, చిగుళ్లు మండాయి. ఎంత తిప్పినా పిండి చప్పగా, సున్నంలా ఉంది. గోడ వార నుంచి ఆ చప్పుడు ఆమెతో పాటే సాగింది. ఆమె నమలడం ఆపింది. అది ఆగలేదు. నాలుగైదు సార్లు మెల్లగా నమిలి, అప్పుడు ఆగింది.

"ఎన్నాళ్లయిందే నీ మూతిలో ముద్ద పెట్టుకుని?" ప్రహరీ మీదుగా ఆస్తేరియా అడిగింది. "నా పెళ్లయిన కొత్తలో మా అత్త నన్ను నమలనిచ్చేది కాదు. 'నాతో అబద్ధమాడావు, నువ్వు ముట్టకు, అబద్ధమాడిన నోట్లో పిండి తీపెక్కదు' అనేది. నిజంగా ఆడాననుకో. కోడిగుడ్ల గురించి."

"ఏం చేశారు మరి?"

"ఏం చేస్తాను. నేనే తిన్నానని చెప్పేశా. తిట్టింది. తర్వాత నమలనిచ్చింది."

పది రోజులు నమిలాక వెడల్పు మూతి కుండలో బిళ్లలన్నీ వేసి, మరిగిన నీళ్లు పోసి కలిపి వదిలింది. మర్నాటికి మూడు పొరలు తేరాలి. పైన నీరు, అడుగున పిప్పి, మధ్యలో జిగురుగా తియ్యటి పొర. ఆ మధ్య పొరను రాగి మూకుట్లో ఎర్రగా కాచి మళ్లీ నీటిలో కలిపితే, దాన్ని తిని చీచా పొంగుతుంది. సెనోబియా కుండలో ఆ పొర జానెడు ఉండేది. ఫిదేలియా గరిటె ముంచి చూసింది. వేలెడు కూడా లేదు.

ఆదివారం సంతకు వెళ్లింది. బెల్లం అచ్చుల దగ్గర ఆగలేదు. చక్కెర కట్టించుకుని వచ్చింది. కుండ దగ్గర నిలబడి సంచీ ముడి విప్పింది. అప్పుడు మధ్యాహ్నమే. గోడ వార నమిలే చప్పుడు వినబడుతూనే ఉంది.

సంచీ వంచబోయింది. చప్పుడు ఆగిపోయింది.

పని చేసుకుంటున్న మనిషి తలెత్తి చూసినప్పుడు ఎలా ఆగుతుందో అలా ఆగింది. ఫిదేలియా వెనక్కి తిరగలేదు. ముడి మళ్లీ వేసి, సంచీ తీసుకెళ్లి ఆస్తేరియా వసారాలో పెట్టేసింది.

"ఏంటే ఇది?"

"మీ కాఫీలోకి."

ఉన్న వేలెడు పొరనే కాచి కలిపింది. కుండ మెల్లగా, అయిష్టంగా పొంగింది. పండుగకు ముందురోజు చెవి ఆనిస్తే గుటగుట సన్నగా వినబడింది.

పండుగనాడు మిట్టమధ్యాహ్నం చర్చి గంట కొట్టారు. బల్ల మీద నల్లగుడ్డ, రొట్టెతో చేసిన పాప బొమ్మలు, పోయినవాళ్లు దిగిరావడానికి రొట్టె నిచ్చెనలు, ఉడికించిన బంగాళాదుంపలు, వేరుశనగ పులుసు. మధ్యలో అక్క కోసం బుర్ర, అంచు వరకూ చీచా. ప్రార్థన చెప్పే ఎవారిస్తో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ముసలాయన ఇల్లిల్లూ తిరిగి పోయినవాళ్ల పేర్న జపం చెప్పి, రొట్టె తీసుకుని, బుర్రెడు చీచా తాగి వెళ్తాడు. పోయిన రెండేళ్లూ ఈ ఇంట్లో ఒక్క గుక్క తాగి బుర్ర కింద పెట్టేశాడు. ఇప్పుడు తనకు పోసిచ్చిన బుర్రలోంచి రెండు చుక్కలు నేలతల్లికి వదిలి, తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పలచన," అన్నాడు. "కానీ సుబ్బరంగా ఉంది. ఇది సెనోబియా చెయ్యే. చక్కెర జోలికి పోకముందటి సెనోబియా."

అందరూ తలలూపారు. ఎవరో చిన్నగా నవ్వారు. ఫిదేలియా ఇంకో బుర్ర నింపింది. అంచు దాటి చీచా నేల మీద ఒలికింది.

ఆ రోజంతా బల్ల దగ్గరే కూర్చుంది. అక్క తనకు ఎదురుగా కూర్చుని ఉన్నట్టే అనిపించింది. ముట్టుకోకుండా, అడగకుండా, అయిదేళ్ల కిందట చూసినట్టే చూస్తూ. అక్క ఒక్కదానికే చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. అక్కకి చెప్పేదేముంది? ఆమెకు ఆరోజే తెలుసు. తెలియనిది ఊరికి.

మర్నాడు సాగనంపడానికి మళ్లీ వాళ్లే వచ్చారు. ఆస్తేరియా కూడా వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవారిస్తో ఆఖరి జపం ఎత్తుకోబోయాడు.

"ఆగండి," అంది ఫిదేలియా.

ఆయన ఆగాడు.

"ఆ ఏడు కూడా అక్క చేసింది ఇలాంటి చీచానే. చక్కెర నేను పోశాను. ఆమె ఊళ్లో లేదు. సంచీ కాలవలో పడేసింది నేనే."

వాకిట్లో కోడి ఒకటి కాళ్లతో మట్టి గీరుతోంది.

"ఆమె నిన్ను అడగలేదా?" అంది ఆస్తేరియా.

"అడిగింది. నాకేం తెలుసన్నాను. నువ్వే వేసి మర్చిపోయావేమో అన్నాను."

"ఆమెతో? ఆ మాట?"

"ఆమెతోనే."

ఎవారిస్తో టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "ఆ పేరు పెట్టింది నేను," అన్నాడు. "తాగిన మత్తులో, నవ్వించడానికి. పొద్దునకి అందరి నోటా అదే పిలుపు." ఎండ వైపు చూశాడు. "టైమైపోతోంది. మొదటి నుంచి చెబుతాను. ఆమె పేరు సరిగ్గా చెబుతాను."

జపం మొదలైంది. సెనోబియా అనే పేరు వచ్చినప్పుడల్లా ఆయన గొంతు పెంచాడు. గంట మోగేలోపు ముగించాడు. ఆస్తేరియా చివరిదాకా నిలబడింది, ఆచారం కాబట్టి. తర్వాత తన వంతు రొట్టె బెంచీ మీదే వదిలేసి, ఫిదేలియా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ వెళ్లారు.

బల్ల ఎత్తేస్తూ ఫిదేలియా మధ్యలోని బుర్ర చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. చీచా రెండు వేళ్లు తగ్గింది. ఎండకు తగ్గి ఉండొచ్చు. అంచున ఒకచోట తడి పిండి బొటనవేలంత అంటుకుని ఉంది. తేరిన చీచాలో అంత తెల్లటి పిండి ఉండదు.

తర్వాతి వారం నుంచి కాలవ దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించేవారు. సంతలో ఒకడు వెనక నుంచి "చక్కెర ఫిదేలియా" అని పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన పేరు పిలిస్తే చూసినట్టే.

ఒక మధ్యాహ్నం పీట మీద కూర్చుంది. గుప్పెడు పిండి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది. ఎండ గడప దాటి కాళ్ల దాకా వచ్చింది. చాలాసేపటికి నాలుక కింద ఏదో సన్నగా తియ్యగా తగిలింది. నమలడం ఆపి చెవి రిక్కించింది.

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఊపిరి బిగబట్టి మరి కాస్త సేపు వింది. ఇంకేమీ వినబడదని తెలిశాక, ముద్దను అంగిలికి అదిమి తీసి చాటలో పెట్టి, ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుంది.