కనిష్ఠ బిందువు

శనివారం సాయంత్రం కిరణ్ పాల్ బరువు మిషను దిగగానే, కూతురు ఎవాంజెలిన్ గ్రాఫు కాగితం మీద ఐదో చుక్క పెట్టింది. అరవై రెండు, యాభై తొమ్మిది, యాభై ఏడు, యాభై ఆరు. ఈ వారం యాభై ఏడు.

"మమ్మీ! డాడీ మినిమం దాటేశారు!"

లీదియా చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది.

నెల కిందట కిరణ్ కాలేయంలో గడ్డ అని తేలినప్పుడు, ఇంటర్ చదివే పిల్ల దిగులు మళ్ళించడానికి కూర్చోబెట్టి డెరివేటివ్‌లు నేర్పింది ఆమే. బీఎస్సీలో లెక్కలంటే ఆమెకు ప్రాణం. "విలువ అంటే ఇప్పుడు ఎక్కడున్నామో. డెరివేటివ్ అంటే ఈ క్షణాన ఎటు, ఎంత వేగంగా పోతున్నామో. ఆ చుక్క దగ్గర స్పర్శరేఖ గీసి, దాని వాలు చూడు" అని చెప్పింది. పిల్ల తండ్రి బరువునే ఉదాహరణగా తీసుకుంటుందని అనుకోలేదు.

"వాలు మైనస్ మూడు, మైనస్ రెండు, మైనస్ ఒకటి. ఇప్పుడు ప్లస్ ఒకటి! మైనస్ నుంచి ప్లస్‌కి మారితే మధ్యలో మినిమం ఉన్నట్టేగా? నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"రేపు చర్చిలో సాక్ష్యం చెప్తాను. డాడీకి జబ్బు తగ్గుతోందని పాస్టరమ్మగారికి మెసేజ్ కూడా పెట్టేశా."

సోఫాలోంచి కిరణ్ నవ్వాడు. "టీచరమ్మా, మార్కులు వేయవే."

లీదియా అతని పాదాలు చూసింది. చెప్పుల పట్టీ పడినచోట గాడి. కాళ్ళు ఉబ్బితే వెంటనే చెప్పమనీ, అది ఒంట్లో నీరు చేరడమనీ డాక్టరు ముందే అన్నాడు. బుధవారం నుంచి చూస్తూనే ఉంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ వచ్చింది. ఆమె చూపు గమనించి కిరణ్ కాళ్ళు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. అంటే అతనికీ తెలుసు.

తాను ఇప్పుడు నోరు విప్పకపోతే పిల్ల రేపు అందరి ముందూ నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెబుతుంది. తర్వాత ఎవరి మీద కోపం పెంచుకుంటుందో!

లీదియా గరిటె బల్ల మీద పెట్టి, కూతురి పక్కన కూర్చుంది.

"లెక్క తప్పు కాదు బంగారం. కానీ ఈ బరువు ఒక్క ఫంక్షన్ కాదు. రెండు కలిశాయి. ఒకటి డాడీ. రెండోది నీరు."

"నీరేంటి?"

"డాడీ పాదాల వాపు చూడు, ఒంట్లో చేరిన నీరే అది. రెండూ కలిసిన మొత్తానికి డెరివేటివ్ ఎలా తీస్తాం?"

"విడివిడిగా తీసి కూడతాం."

"నీరు వారానికి మూడు కేజీలు పెరుగుతోందనుకో. మొత్తం ప్లస్ ఒకటి. మరి డాడీ?"

పెన్సిలు ఆగిపోయింది. నోటిలెక్కకు అందేదే. అయినా ఎవాంజెలిన్ లేచి వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. అతను దాచుకున్న కాలు ముందుకు లాగి, బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ముగ్గురూ చూస్తూనే ఉన్నారు, అది ఎంతకీ పూడలేదు.

"ఊరుకో నాన్నా" అన్నాడు కిరణ్. "రేపు నాకోసం ప్రార్థన చేయమని అడుగు, చాలు."

లీదియా ఫోను తీసి డాక్టరు నంబరు కలిపింది. అవతల రింగవుతుండగా, వెనక నుంచి కూతురి గొంతు వినిపించింది.

"మైనస్ రెండు."