కొమ్ములు కనబడందే

1943 ఆగస్టులో అలాస్కా దగ్గరి కిస్కా దీవిలో జపానువాడు ఒక్కడూ లేడు. రెండు వారాల కిందటే అందరూ ఓడలెక్కి జారుకున్నారు. ఆ సంగతి తెలియక కెనడావాళ్లూ అమెరికావాళ్లూ వేలమంది తుపాకులు పట్టుకుని దిగారు. కళ్లు పొడుచుకున్నా కనబడని పొగమంచు. గడ్డి కదిలితే చాలు, కాల్పులు. ఇటువాళ్లు కాల్చారు, అటువాళ్లు బదులిచ్చారు. దాంతో శత్రువు ఉన్నాడని ఇద్దరికీ గట్టి నమ్మకం కుదిరింది.

ఆర్విడ్‌కి ఇలాంటి తెలివితక్కువతనం ఉండకూడదు. కెనడాలోని కెనొరా అడవుల్లో పెరిగిన సైనికుడు. అతనికీ, పక్కింటి వెర్నన్‌కీ దుప్పుల వేట నేర్పింది వెర్నన్ తండ్రే. ఆయన చెప్పింది ఒకటే మాట: కొమ్ములు కనబడందే మీట నొక్కొద్దు. పొదలో కదిలేది సాటి వేటగాడైనా కావచ్చు.

పడవ దిగుతూ ఆర్విడ్ నడుములోతు నీళ్లలో పడ్డాడు. కొండవాలు మీద పళ్లు టకటకలాడుతుంటే, అతనితోపాటే పట్టాళంలో చేరిన వెర్నన్ నవ్వాడు. కింద జపానువాళ్ల ఖాళీ గుహ ఏదో ఉందట, చూసొస్తానన్నాడు.

"జపాను కోటు దొరికితే తేరా, చలికి చచ్చేలా ఉన్నా," అన్నాడు ఆర్విడ్.

"తెస్తాలే. ఊళ్లో ఆడపిల్లల ముందు కోతలు కొయ్యడానికేగా."

అరగంట తర్వాత మంచులోంచి బొచ్చు కాలరు కోటు ఒకటి పైకి ఎక్కి వచ్చింది. మొహం కనబడలేదు. ఆర్విడ్ ఒక్కసారే కాల్చాడు. వాడి గురి ఏనాడూ తప్పలేదు. తేవడానికి చేతులు ఖాళీ లేక వెర్నన్ ఆ కోటు తొడుక్కున్నాడు, అంతే.

శత్రువు తూటాకి పోయాడని వెర్నన్ తల్లికి ఉత్తరం రాస్తానన్నాడు కెప్టెన్. నువ్వు నోరు విప్పి ఆ ముసలిదాన్ని రెండోసారి చంపొద్దన్నాడు.

మార్చిలో సెలవు మీద వచ్చిన ఆర్విడ్‌ని వెర్నన్ తల్లి ఎడ్నా అత్త భోజనానికి పిలిచింది. దుప్పిమాంసం కూర పెట్టింది. చివరిదాకా వాడి పక్కనున్నది నువ్వేనంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రతి మాటకీ ఆర్విడ్ ఉలిక్కిపడ్డాడు. ఆమె లేచి గోడ మీది తుపాకీ దించింది.

"ఇది నువ్వుంచుకో. మా ఆయన మాట నిలబెట్టినవాడివి నువ్వేనని వెర్నన్ ఎప్పుడూ అనేవాడు. కొమ్ములు చూడందే కాల్చవట."

ఆర్విడ్ చేయి చాచలేదు.

"ఆ రోజు చూడలేదత్తా. కోటు చూసి కాల్చాను. ఆ కోటు తెమ్మంది కూడా నేనే."

ఆమె తుపాకీని మళ్లీ గోడకి తగిలించి, అతని ముందున్న కంచం తీసేసింది.