పడవ అంచు తగిలిన చోటు

మా ఆవిడ పెర్సిస్ ఎముకల స్కానులో ఎడమ పక్కటెముకల మీద మూడు నల్లచుక్కలు తేలాయి. ఏలూరులో డాక్టరు విజయకుమారిగారు ఆ ఫిల్ము లైటు ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నారు. నాకసలే ఓపిక తక్కువ.

"పాకిందాండీ?" అని అడిగేశాను.

మూడేళ్ల కిందట, 2002లో, పెర్సిస్ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసింది ఈ డాక్టరుగారే. ఎముకల్లోకి పాకితే ఇక నయం కాదని అప్పుడే చెప్పారు.

"పాకినట్టే ఉందండి, నిత్యానందం మాస్టారూ. కానీ ఎముక విరిగి అతుక్కుంటున్నా స్కానులో ఇలాగే నల్లగా వస్తుంది. పైగా మూడూ ఒకే వరసలో ఉన్నాయి. అమ్మా, ఈ పక్కన దెబ్బేమన్నా తగిలిందాండీ?"

"లేదండీ," అంది పెర్సిస్ తల వంచుకుని.

డాక్టరుగారు నిట్టూర్చి కీమో మందులకు చీటీ రాయడం మొదలుపెట్టారు. కిందటిసారి ఆ మందులకు జుట్టు రాలి, మంచినీళ్లు కూడా ఇమడక, మనిషి సగమైపోయింది. నేను లేచి నిలబడ్డాను.

ఎందుకంటే పెర్సిస్ చెప్పింది అబద్ధం. రెండు నెలల కిందట కొల్లేటిలో ఒక లంకకి ప్రార్థన కూటానికి వెళ్లి, పడవ దిగుతూ జారి, దాని అంచు మీద బోర్లా పడింది. ఆ ఆదివారమే ఆకివీడు చర్చిలో సాక్ష్యానికి లేచి, ప్రభువు కాపాడాడు, ఒంటి మీద గీత కూడా పడలేదని చెప్పింది. సంఘపెద్దని కదా, అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది నేనే. తర్వాత దగ్గినప్పుడల్లా పక్క పట్టుకునేది. ఏమైందంటే ఏం లేదండీ అనేది. సాక్ష్యం చెప్పిన నోటితో నొప్పని ఎలా అంటుంది? సంఘంలో తల కొట్టేసినట్టవుతుందని నేనూ అడగడం మానేశాను. సిగ్గుచేటు.

"రాయకండి డాక్టరుగారూ! పడిందండి. పడవ అంచు సరిగ్గా అక్కడే తగిలింది."

పెర్సిస్ గిరుక్కున తిరిగింది. "ఏవండీ! సంఘం ముందు నిలబడి చెప్పానండీ నేను."

"చెప్పావు. నేనూ వంత పాడాను. నీ ప్రాణం మీదికొచ్చాక కూడా పాడమంటావా?"

డాక్టరుగారు కలం పక్కన పెట్టి ఎక్స్‌రేకి పంపించారు. తీయించుకొచ్చి బల్ల మీద కూర్చున్నాం. పెర్సిస్ నా వైపు చూడలేదు. "విరక్కపోయుంటేనోనండీ?" అంది. నేను కళ్లు మూసుకున్నాను. పెళ్లాం ఎముకలు విరిగుండాలని దేవుణ్ణి వేడుకున్న మొగుణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనేమో.

మళ్లీ లోపలికి పిలిచారు.

"విరిగాయండి," అన్నారు డాక్టరుగారు. "మూడూ విరిగి, చక్కగా అతుక్కుంటున్నాయి. ఇది క్యాన్సర్ కాదండి." చీటీ చింపేశారు.

నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. పెర్సిస్ ఏడవలేదు. అరచెయ్యి పక్కటెముకల మీద మెల్లిగా ఆనించుకుంది.

"అయితే డాక్టరుగారూ, ఇప్పుడు నొప్పని చెప్పొచ్చాండీ?"

"చెప్పండమ్మా."

"చాలా నొప్పిగా ఉందండీ," అంది.