తెల్లగుడ్డ మీద ఈగ

ఫోటోలో, బొమ్మ రంగు మీది పగుళ్లు ఈగ రెక్క మీదుగానే పోయాయి, దాని దగ్గర ఆగిపోలేదు. అంటే ఈగా, దాని కింది తెల్లగుడ్డా ఒకే చేతి పని, ఒకే వయసు. తర్వాతెవరో గీసి ఉంటే ఆ రంగు పగుళ్లలోకి దిగి వాటిని పూడ్చేసేది. ఇరవై ఏళ్లుగా విద్యార్థులకు ఈ పాఠం చెబుతున్నది తానే. ఆ ఒక్క ఉదయం తనకే ఎందుకు గుర్తు రాలేదు?

పాత బొమ్మలు బాగుచేసే వేర్లె గోడకానుకుని ఆ బొమ్మనే చూస్తోంది. మ్యూజియం పై అంతస్తులో ఆ గది నిండా స్టాపార్ట్స్ గారు తన ఇంటినుంచి పంపిన రంగుల బొమ్మలే, నలభై ఒకటి. రేపు జనానికి తలుపులు తెరుస్తారు.

దీన్ని శుభ్రం చేయడం మార్చిలో ముగించింది. టీ డికాక్షన్‌లా ముదిరిన పాత వార్నిష్ ఊడి, బల్లమీది గుడ్డ మంచులా తేలింది. ఆల్చిప్పల పళ్లెం పక్కన మాత్రం ఒక నల్లచుక్క మిగిలింది. ఎవరో తర్వాత వేసిన మచ్చ అని నివేదికలో రాసి, పుల్లకు చుట్టిన దూదితో తీసేసింది. నాలుగు క్షణాలు పట్టి ఉంటుంది. మొన్న సోమవారం ఆయన ఇంటినుంచి వచ్చిన కాగితాల పెట్టెలో ఆ పాత ఫోటో దొరికింది. అందులో ఈగకు కాళ్లున్నాయి, నీడ ఉంది, రెక్కను చీల్చుకుంటూ పోయిన పగుళ్లున్నాయి.

అలసట కాదు. అప్పుడు పొద్దున పది, కాఫీ తాగి కూర్చుంది. దూది ఆనించే ముందు తనకు ఈగ కాలు కనిపించిందా? ప్రశ్నించుకున్న ప్రతిసారీ జవాబు మారుతోంది. ఒక్కోసారి సన్నటి వెంట్రుకలాంటి కాలు స్పష్టంగా కనిపించినట్టే ఉంటుంది. నాలుగు నెలలు కష్టపడి తెప్పించుకున్న తెలుపు అది. దానిమీద మచ్చను ఓర్చుకోలేకపోయింది. కన్ను వద్దనేలోపు చెయ్యి వెళ్లిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఫోటో చూసి మళ్లీ గీసేయవచ్చు, ఒక పూట పని. ఆ ఆలోచన ఎంత ప్రశాంతంగా వచ్చిందో తలుచుకుంటేనే ఆమెకు భయం వేసింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. మ్యూజియం డైరెక్టరు యోరిస్ చెయ్యి పట్టుకుని, అందరూ అయ్యగారని అర్థం వచ్చేలా ‘మెనేర్’ అని పిలిచే స్టాపార్ట్స్ ముసలాయన వచ్చాడు.

"ఏమ్మా వేర్లె, నా పిల్లలందరికీ స్నానాలు పోశావట. నాకూ పోస్తావేమోనని వచ్చాను."

"మీకు వార్నిష్ బాగా ముదిరింది మెనేర్, ఇక ఊడదు," అన్నాడు యోరిస్.

"నీ నోరు పడ!" అని ముసలాయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఒక్కో బొమ్మా దాటుకుంటూ వచ్చి దీని ముందు ఆగాడు. "ఇది హాలండ్ వాడి పని. అందుకే లెక్కగా నాలుగే ఆల్చిప్పలు. మన ఫ్లాండర్స్ వాడైతే బల్ల విరిగేదాకా వడ్డించేవాడు." ముఖం దగ్గరగా పెట్టాడు. "భోజనాల గదిలో సరిగ్గా నా కుర్చీకెదురుగా ఉండేది. నాలుగేళ్లప్పుడు చెంచాతో ఈగని కొట్టబోయాను, నానమ్మ వీపు పగలగొట్టింది. ఏదిరా యోరిస్, ఈగ?"

యోరిస్ ఆ ఫోటో చూడలేదు. ఈగ సంగతే అతనికి తెలియదు. "వెలుతురు చాలట్లేదు మెనేర్. రేపటికి సరి చేయిస్తాను."

"వెలుతురు కాదులే." ముసలాయన గొంతు తగ్గింది. "కుడికన్ను పోయింది, ఎడమదానికి ఇంకో ఏడాది టైముందన్నాడు డాక్టరు. వాడి మొహం, దానికీ చీకటి అప్పుడే వచ్చేసినట్టుంది."

కళ్లజోడు తీసి రుమాలుతో తుడిచాడు. పెట్టుకుని చూశాడు. మళ్లీ తీసి, ఈసారి ఇంకా గట్టిగా తుడవసాగాడు.

ఇప్పుడు తాను అబద్ధం ఆడక్కర్లేదు. మాట్లాడకుండా ఉంటే చాలు. ఆయన తన కళ్లనే అనుమానించుకుంటూ ఇంటికి పోతాడు. రేపు తలుపులు తెరుచుకుంటాయి, నివేదికలో తన పేరు చెడకుండా ఉంటుంది. మూడు రోజులుగా ఆ పేరు కోసమే భయపడింది. ఎదురుగా ముసలాయన ఇంకా అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

"మెనేర్," అంది వేర్లె. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "మీ కళ్లు బాగానే ఉన్నాయి. అక్కడ ఈగ లేదు. నేనే తుడిచేశాను."

యోరిస్ గిర్రున తిరిగాడు. ముసలాయన మసక కళ్లతో మాట వచ్చిన వైపు వెతుక్కున్నాడు. వేర్లె ఆయన చేతిలోంచి కళ్లజోడు తీసుకుని, తన ముఖం ఆయనకు కనబడేలా ఎదురుగా నిలబడి, తానే ఆయన కళ్లకు పెట్టింది.